ముప్పుకో మనిషి

జ్లాత్కా అత్త గరిటె రెండోసారి ముంచింది.

"చాలత్తా, నేనేమన్నా ఇద్దరినా?" అన్నాడు స్టోయిల్.

"తిను నాయనా, తిను. నీకు కాక ఇంకెవరికి," అంటూ ఆమె గిన్నె అడుగున మాంసం ముక్కలు వెతికి మరీ అతని పళ్ళెంలో వేసింది. మొహంలోకి మాత్రం చూడలేదు.

ఈ కాంటీన్లో రెండో గరిటె అడిగినవాడికి జ్లాత్కా చేత చీవాట్లు దొరికేవి గాని సూప్ దొరికేది కాదు. డైరెక్టర్‌కయినా అంతే. అలాంటి మనిషి అడక్కుండానే వడ్డిస్తుంటే ఎవడికైనా అనుమానం రావాలి. స్టోయిల్‌కి రాలేదు. తనంటే అందరికీ ఇష్టం పెరిగిందనుకున్నాడు. నడివయసు మనిషికి అలాంటి వెర్రి నమ్మకం ఒకటి ఉండటం తప్పేమీ కాదు లెండి.

నిజానికి ఆ నెలంతా అలాగే గడిచింది. క్రేన్ నడిపే గెంచో దారిలో ఎదురైతే టోపీ తీశాడు. సామాన్లు కొనే వాల్చో, పోయినేడు అడిగి తీసుకుని మరిచిపోయిన రంపానికి నూనె పూసి మరీ తెచ్చిచ్చాడు. పండగ రోజు డ్యూటీ ఎవరిదని వాదులాడుకుంటున్నప్పుడు ఇతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఇంత మర్యాద చేస్తూనే, కొండ వాలు మీద వదులైన రాళ్ళు తోసెయ్యడానికి ఎవరైనా తాడు కట్టుకుని ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా అందరూ ఒకే మాట అన్నారు: "స్టోయిల్ ఎక్కుతాడు." కొత్త నడుం బెల్టులు వచ్చాయి. స్టోర్లో అందరికీ పంచి, ఇతని వంతు వచ్చేసరికి అయిపోయాయన్నారు. చిలక్కొయ్యకి ఇంకా రెండో మూడో వేలాడుతూనే ఉన్నాయి. అతను వాటివైపు చూశాడు. స్టోరు మనిషీ చూశాడు. స్టోయిల్ పాత బెల్టే బిగించుకుని కొండెక్కాడు.

బయట పొగమంచు లోయ అంచుల దాకా నిండిపోయి ఉంది. మూడో స్తంభం గొయ్యి దగ్గర పగలే దీపాలు వెలుగుతున్నాయి. రెండు కొండల్నీ కలిపే వంతెన మాది. మిగతా స్తంభాలన్నీ లేచాయి, ఈ మూడోదే మొండికేసింది. గొయ్యి తవ్వుతున్నప్పుడు ఒకసారి అంచు కూలింది. పునాది స్లాబ్ పోసి అది గట్టిపడ్డాక మళ్ళీ కూలింది. ఎవరూ చావలేదు గాని, కూలీలు ఇక దిగేది లేదని భీష్మించుకు కూర్చున్నారు. డైరెక్టర్ క్రుమ్ బతిమాలాడు, బెదిరించాడు, ఏదీ పని చెయ్యలేదు. ఆ తర్వాత సెప్టెంబరులో ఒక పొద్దున వాళ్ళంతట వాళ్ళే దిగి పనిలో పడ్డారు. మనసెందుకు మార్చుకున్నారని స్టోయిల్ అడిగితే, "బుద్ధొచ్చిందిలే," అన్నాడు రాడ్కో మేస్త్రీ. ఆ గొయ్యిలో పగటి షిఫ్టుకి పెద్ద స్టోయిలే. అయినా అతనికి అంతకు మించి చెప్పినవాళ్ళు లేరు.

ఆ మంగళవారం భోజనాలయ్యాక కాంటీన్ బల్లలు పక్కకి జరిపి, గోడకి తెల్ల బోర్డు తగిలించారు. పెద్ద పెద్ద కట్టడాల్లో వచ్చే ముప్పుల్ని ముందే పసిగట్టడం ఎలాగో నేర్పడానికి రాజధాని సోఫియా నుంచి ఓగ్నియన్ అనే ఆయన వచ్చాడు. పై ఆఫీసు ఆజ్ఞ, మూడు రోజుల తరగతి. సన్నటి మనిషి, కొత్త బూట్లు, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు మెల్లగా మాట్లాడతాడు. పెద్దవాళ్ళకి పాఠం చెప్పడం కష్టమని తెలిసినవాడు కాబట్టి ముందు అందర్నీ నవ్వించాడు.

"ముందు మీ భయాలు చెప్పండి. సిగ్గుపడకండి, ఇంట్లో పెళ్ళాల్ని తప్పించి," అన్నాడు.

నవ్వులయ్యాక ఇస్క్రా లేచింది. కొండలో కదలికలూ నీటి మట్టమూ కొలిచే ఇంజినీరు ఆమె. జట్టులో అందరికంటే చిన్నది. "గొయ్యి వెనక కొండలో నీళ్ళు పెరుగుతున్నాయి సార్. పెద్ద వానలు లేవు. ఎందుకు పెరుగుతున్నాయో అర్థం కావట్లేదు. వాలు కూడా వెంట్రుకవాసి ముందుకొచ్చింది. శుక్రవారం కాంక్రీటు పోసేటప్పుడు గొయ్యిలో బోలెడుమంది ఉంటారు."

"నీళ్ళు కొండలో ఉండక నీ ఇంట్లో ఉంటాయా?" అన్నాడు క్రుమ్. మళ్ళీ నవ్వులు. ఇస్క్రా మొహం ఎర్రబడింది. ఆమె కూర్చుంటూ స్టోయిల్ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఓగ్నియన్ నవ్వలేదు. "ఇంకో మాట గుర్తుంచుకోండి. ముప్పుకి మందు వేస్తాం, బాగానే ఉంటుంది. ఆ మందు వల్ల పుట్టే ముప్పుని మాత్రం ఎవరూ వెతకరు. మా పక్కింటాయన దొంగల భయంతో కిటికీలన్నిటికీ ఇనప చువ్వలు బిగించుకున్నాడు. ఇల్లంటుకున్న రోజు ఆ చువ్వల్లోంచి చెయ్యొక్కటే బయటికొచ్చింది. నేనే పట్టుకున్నా. చాలాసేపు పట్టుకున్నా." అలా అని బోర్డు వైపు తిరిగి, ఏదో రాయబోయి, కలం దించేశాడు.

బుధవారం పొగమంచు ఇంకా చిక్కబడింది. కాంటీన్ కిటికీల్లోంచి పక్కన నిలబెట్టిన లారీ కూడా కనపడలేదు. ఓగ్నియన్ దీపాలు ఆర్పించి, బల్లల చుట్టూ కూర్చున్న వాళ్ళందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు.

"ఇప్పుడు వచ్చే ఏడాది. వంతెన పోయింది. పని ఆగిపోయింది, కంచెలు తుప్పుపట్టాయి, మీరంతా తలో దిక్కూ పోయారు. ఎందుకు పోయిందో ఒక్కొక్కరూ చెప్పండి. పోవచ్చు, పోతుందేమో అనకండి. పోయింది అనండి. కళ్ళారా చూసినట్టు చెప్పాలి. ఆలోచించకండి, నోటికొచ్చింది చెప్పండి. అప్పుడే నిజాలు బయటికొస్తాయి."

వంటింట్లో జ్లాత్కా గిన్నెలు కడగడం ఆపేసింది.

ముందు వాల్చో గొంతు విప్పాడు. "ఇనప ఊచలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చేసరికి దింపించుకునేవాడు లేడు. స్టోయిల్ పోయాక ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు."

స్టోయిల్ మూసిన కళ్ళతోనే నవ్వుకున్నాడు. సరే, పోనీ, నన్ను చంపేశాడు వీడు అనుకున్నాడు.

గెంచో అందుకున్నాడు. "క్రేన్ తీగ తెగింది. తప్పు నాదే. ఆ స్టోయిల్ సంగతి జరిగినప్పట్నుంచి నాకు గొయ్యి మీదుగా తిప్పాలంటే చేతులు వణికేవి."

నవ్వు ఆగిపోయింది. స్టోయిల్ కళ్ళు తెరిచాడు. మిగతా అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఆ మసక వెలుతురులో మొహాలన్నీ తడిసిన సిమెంటు రంగులో ఉన్నాయి.

"కొండ కొలతలు ఆగిపోయాయి," అంది ఇస్క్రా. ఆమె మూసిన రెప్పల కింద నించి నీళ్ళు కారుతున్నాయి. "పైకెక్కేవాళ్ళు లేరు. స్టోయిల్ అన్న ఉన్నన్నాళ్ళూ అన్నే ఎక్కేవాడు."

చివరికి క్రుమ్ వంతు వచ్చింది. "స్టోయిల్‌ని పాతిపెట్టిన మర్నాడు..." అని మొదలుపెట్టి, ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఎదురుగా తననే చూస్తున్న స్టోయిల్‌ని చూసి, మిగతా మాట మింగేశాడు.

ఓగ్నియన్ సంబరంగా దీపాలు వేశాడు. "చూశారా, అందరి మనసులోనూ ఒకటే ఉంది! ఒక్క మనిషి మీద ఇంత ఆధారపడటం చాలా పెద్ద ముప్పు. స్టోయిల్ గారూ, మీరు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నారా?"

"లేదండీ. వీళ్ళే మాన్పించేట్టున్నారు," అన్నాడు స్టోయిల్. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ళు కూడబలుక్కోలేదు. కూడబలుక్కుని ఏడిపించే మొహాలు ఎలా ఉంటాయో అతనికి తెలుసు. ఇవి అవి కావు.

విరామంలో ఇస్క్రా వెనక మెట్ల మీద సిగరెట్టు వెలిగించుకోబోతుంటే వెళ్ళి అగ్గిపెట్టె లాక్కున్నాడు. "ఏంటమ్మా ఇది? నాకేమన్నా జబ్బుందా? డాక్టరేమన్నా చెప్పాడా మీకు?"

"వదిలెయ్యన్నా."

"చెప్తే గాని వదలను."

ఆమె సిగరెట్టు వేళ్ళ మధ్య నలిపేసింది. తర్వాత తల ఎత్తకుండా, గబగబా, నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "నీ నీడ కొలిచారన్నా. సెప్టెంబరులో. కొలిచిన దారం డబ్బాలో పెట్టి గొయ్యి గోడలో పెట్టి కట్టేశారు. అందుకే కూలీలు దిగారు. బాస్‌కి తెలుసు. అందరికీ తెలుసు. నేను నమ్మనన్నా, ప్రమాణం చేసి చెప్తున్నా, ఆ చెత్తంతా నేను నమ్మను. నమ్మనప్పుడు నీకెందుకు చెప్పలేదో మాత్రం నాకే తెలీదు."

మా కొండల్లో పుట్టినవాడెవడికీ ఇంకేం చెప్పక్కర్లేదు. నిలబడని గోడకి మనిషి నీడని కట్టేస్తే గోడ నిలుస్తుంది. నీడ పోయిన మనిషి నలభై రోజుల్లో పోతాడు, పోయి ఆ కట్టడానికి కాపలా ఉంటాడు. అందరం చిన్నప్పుడు విన్నదే, అందరం నవ్విందే. స్టోయిల్ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ రాళ్ళ మీదికి తనని ఎందుకు ఎక్కించారో, బెల్టు ఎందుకివ్వలేదో, జ్లాత్కా ఎందుకు కళ్ళెత్తలేదో అన్నీ ఒక్కసారిగా అర్థమై, అరికాలి మంట నెత్తికెక్కింది. ఎలాగూ పోయేవాడు గదా అని ఎక్కించారు! పోయేవాడికి కొత్త బెల్టు దండగ అనుకున్నారు!

రాడ్కో మేస్త్రీ షెడ్డులో తాపీలు కడుగుతున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. స్టోయిల్ తలుపు తన్నుకుంటూ లోపలికొచ్చినా చేతిలో పని ఆపలేదు.

"నువ్వేనా బాబాయ్?"

"నేనే." దాచాలన్న ఆలోచన కూడా లేదు ఆయనకి.

"నన్నే ఎందుకు? నీకేం ద్రోహం చేశాను?"

"ఏం చెయ్యలేదు. ఆ పొద్దున నువ్వు ముందొచ్చావు. ఎవరు ముందొస్తే వాళ్ళది. నేను ఎంచుకుంటే పాపం నాకు తగులుతుంది."

స్టోయిల్‌కి ఆ పొద్దుట గుర్తొచ్చింది. ఎండ అప్పుడే కొండ దాటింది. రాడ్కో తనని ఆపి, మోకాలి నొప్పికి ఏ ఆకు మంచిదని అడిగాడు. ముసలాయన అంత ప్రేమగా అడిగితే తను ఎండలో నిలబడి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. వెనక ఎవరో నేల మీద వంగి ఏదో వెతుక్కుంటున్నారు. పడేసుకున్న మేకులేమో అనుకున్నాడు.

"నేను ఇవన్నీ నమ్మను," అన్నాడు.

"నమ్మక్కర్లేదు. గోడకి నీ నమ్మకంతో పనిలేదు."

"ఇంతకుముందు ఎవర్నైనా చేశావా?"

"ఆనకట్టకి మా బావమరిదిని," అన్నాడు రాడ్కో, తాపీని గుడ్డతో తుడుస్తూ. "మంచివాడు. ఆనకట్ట ఇప్పటికీ చుక్క కారలేదు."

ఆ సాయంత్రం స్టోయిల్ తన గదిలోకి వెళ్ళి, బూట్లు విప్పబోతూ నేల వైపు చూశాడు. గదిలో రెండు బల్బులు. మంచం నీడా కుర్చీ నీడా రెండేసి పడ్డాయి. తన నీడ కోసం వెతుక్కుంటున్నానని తెలిసి, సిగ్గేసి, చటుక్కున దీపాలార్పేశాడు. చీకట్లో కూర్చుని తన చేతిని తనే చాలాసేపు పట్టుకున్నాడు. నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది, నిండా ఉంది.

గురువారం తరగతిలో ఓగ్నియన్ బోర్డు మీద ముప్పులన్నీ వరసగా రాసి, ఎదురుగా ఖాళీ వదిలాడు.

"ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్రతి ముప్పుకీ ఒక మనిషి ఉండాలి. 'అందరూ చూసుకుంటారు' అంటే ఎవరూ చూసుకోరని అర్థం. పేరున్న మనిషి కావాలి. ఆ ముప్పు ఇక అతనిది. తింటున్నా పడుకున్నా అతనిదే."

గదిలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. పాపం, తను ఏ ఊళ్ళో ఏం మాట్లాడుతున్నాడో ఆ మనిషికి తెలీదు.

ఊచలు వాల్చోకి వచ్చాయి. క్రేన్ గెంచోకి వచ్చింది. కొండ వాలు దగ్గరికొచ్చేసరికి ఓగ్నియన్ కలం గాలిలో ఆగింది.

"స్టోయిల్ పేరు రాయండి," అన్నాడు క్రుమ్, కిటికీలోకి చూస్తూ. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు, మరీ తొందరగా.

ఇస్క్రా లేచింది. "కొలతలు నావి. వాలు సంగతి నాకే తెలుసు. నా పేరు రాయాలి."

"కూర్చో అమ్మాయ్. చిన్న పిల్లలున్నదానివి," అన్నాడు క్రుమ్, అని నాలుక కరుచుకున్నాడు.

"పిల్లలుంటే ఏం?" అన్నాడు స్టోయిల్ మెల్లగా. "కాయితం మీద పేరే కదా బాస్. పేరు రాస్తే మనిషి చస్తాడా?"

క్రుమ్ ముందున్న కాయితాలు సర్దుకున్నాడు. మిగతావాళ్ళు బోర్డు వైపు చూశారు. వాళ్ళ మొహాలు చూస్తుంటే స్టోయిల్‌కి ఏడుపొచ్చినంత పనయింది. ఇరవై ఏళ్ళుగా ఒక్క బల్ల దగ్గర తిన్నవాళ్ళు. తను గదిలో ఉండగానే తను లేని రోజులు గడిపేస్తున్నారు.

"రాయండి సార్, నా పేరే రాయండి," అన్నాడు. "రాసి, ఒకటి చెప్పండి. ఆ మనిషికి హక్కులేమన్నా ఉంటాయా, ఊరికే మోయడమేనా?"

"అయ్యో, ఎందుకుండవు!" అన్నాడు ఓగ్నియన్. "ముప్పు ముంచుకొచ్చిందనిపిస్తే పని ఆపెయ్యొచ్చు. ఎవర్నీ అడక్కర్లేదు. డైరెక్టర్ గారిని కూడా."

"అయితే ఆపాను. మూడో గొయ్యిలో ఎవరూ దిగడానికి వీల్లేదు."

క్రుమ్ బల్ల మీద గుద్దాడు. "పిచ్చా నీకు? రేపు పొద్దున కాంక్రీటు లారీలొస్తున్నాయి! ఏం చూసుకుని ఆపుతావు? నీ ఉద్యోగం..."

"తీసెయ్యి బాస్," అన్నాడు స్టోయిల్. "సెప్టెంబరులోనే ప్రాణం తీసేశావుగా, ఉద్యోగం ఒక లెక్కా?"

క్రుమ్ మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డాడు. ఈ మనిషిని ఇక దేనితోనూ బెదిరించలేమని అందరికీ ఒకేసారి తెలిసింది. ఓగ్నియన్ ఒక్కడే ఏమీ అర్థం కాక, చాలా ఆనందంగా, బోర్డు మీద 'పని ఆగింది' అని రాసి కింద గీత గీశాడు.

స్టోయిల్ అక్కడి నించి తిన్నగా షెడ్డుకి వెళ్ళి ఉలీ సుత్తీ తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే కొండ కోసం కాదు, వాలు కోసం కాదు. తనది తనకి కావాలి, అంతే. రాడ్కోని రెక్క పట్టుకుని గొయ్యిలోకి దించాడు. కూలీలు అంచున చుట్టూ నిలబడ్డారు. పొగమంచులో నడుం పై దాకే కనబడుతున్నారు.

"ఎక్కడ పెట్టావు?"

రాడ్కో బూటు కొసతో గొయ్యి మూల చూపించాడు. కొండ వైపు గోడ అడుగున, పునాది స్లాబ్‌ని ఆనుకుని, గుండ్రంగా ఒక సిమెంటు మచ్చ ఉంది.

"స్లాబ్ అప్పటికే గట్టిపడిందిగా," అన్నాడు రాడ్కో. "ఇంకెక్కడా సందు లేదు. గోడకి నోరు అదొక్కటే."

స్టోయిల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉలి ఆనించాడు. మొదటి దెబ్బకి పెచ్చు లేచింది. రెండో దెబ్బకి సన్నటి పగులు వచ్చి, ఆ పగుల్లోంచి గాలి కొట్టింది. చల్లగా, ఉండుండి, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. పైన నిలబడ్డవాళ్ళలో ఒకడు శిలువ గుర్తు వేసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. స్టోయిల్ చేతిలో సుత్తి ఆగిపోయింది. లోపల ఉన్నది నేనేనా అనుకున్నాడు. చెవి గోడకి ఆనించాడు. లోపల ఏదో బరువుగా గోడకి ఒరిగి ఉన్నట్టు సన్నగా గొణుగుతోంది.

"అన్నా, ఆగు! కొట్టొద్దు!" ఇస్క్రా నిచ్చెన మీంచి దాదాపు దూకింది. మచ్చని చూసింది, గోడ పొడుగునా ఉన్న మిగతా గొట్టాల్ని చూసింది, ఒక్కసారిగా మేస్త్రీ మీద విరుచుకుపడింది. "ఇది నీళ్ళు పోయే గొట్టం! కొండలో నీళ్ళన్నీ బయటికొచ్చే దారి! దీన్ని మూశావా తాతా?"

"మిగతావున్నాయి కదా తల్లీ," అన్నాడు రాడ్కో, మొదటిసారి గొంతు తడబడుతూ.

"అవన్నీ ఎక్కడో పైనున్నాయి! ఈ గోడ వెనక ఎంత నీరు నిలిచిందో తెలుసా నీకు? రేపు గొయ్యి నిండా మనుషులుండగా ఆ కొండ..." ఆమెకి మాట పూర్తి కాలేదు.

రాడ్కో సిమెంటు మచ్చని చూస్తూ ఉండిపోయాడు. గొయ్యి కూలకూడదని పెట్టినదే గొయ్యిని కూల్చబోయింది. ఆయన పెదాలు కదిలాయి గాని ఏమంటున్నాడో వినపడలేదు.

అందర్నీ పైకి పంపేసి, స్టోయిల్ పొడుగాటి గునపం తెప్పించుకున్నాడు. నడుముకి తాడు కట్టించుకున్నాడు. అతని పాత బెల్టు చూసి ఇస్క్రా తన కొత్త బెల్టు విప్పి ఇచ్చింది. ఎదురుగా నిలబడకుండా పక్కనించి, గోడకి వీపు ఆనించి పొడిచాడు. నాలుగైదు పోట్లకి సిమెంటు ముక్క తుపాకీ గుండులా లేచిపోయింది. వెనకే బురద నీళ్ళు మనిషి తొడ లావున దూకాయి. స్టోయిల్ కాళ్ళు తేలిపోయాయి. పైనున్నవాళ్ళు తాడు లాగకపోతే స్లాబ్ అంచుకేసి కొట్టుకుని తల పగిలేదే. ఎర్రటి నీళ్ళు సాయంత్రం దాకా కక్కుతూనే ఉంది ఆ గొట్టం.

నీళ్ళలో ఒక రేకు డబ్బా కొట్టుకొచ్చింది. స్టోయిల్ దాన్ని పట్టుకుని పైకొచ్చాడు. లోపల మేస్త్రీలు గోడ తిన్నదనం చూసుకునే దారం, ఉండగా చుట్టి ఉంది. విప్పి చూశాడు. చాలా పొడుగుంది. పొద్దుటి నీడ కదా. దాన్ని జేబులో పెట్టుకున్నప్పుడు అతనికి సుబ్బరంగా ఆకలేసింది, నెలలో మొదటిసారి.

ఎవరైనా వచ్చి భుజం తడతారనుకున్నాడు. వాళ్ళ ప్రాణాలు కాపాడాడు మరి. గెంచో చూపు తప్పించాడు. కూలీలు దారిచ్చారు, మరీ ఎక్కువ దారిచ్చారు. రాడ్కో టోపీ తీసి, "ఇప్పుడు గోడ ఖాళీ," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను. ఆ మాట నిమిషంలో అందరికీ పాకింది. చీకటి పడకముందే ఇస్క్రా కొలతలు తీసి, నీళ్ళు దిగిపోయాయని, వాలు కదలడం ఆగిందని, ఇక భయం లేదని చెప్పింది. కూలీలు తల వంచుకుని విన్నారు. కొండ సంగతి కాదు వాళ్ళు ఆలోచించేది.

శుక్రవారం పొద్దున పొగమంచు విడిపోయింది. వారం రోజుల తర్వాత ఎండ. కాంక్రీటు లారీలు వరసగా నిలబడి డ్రమ్ములు తిప్పుతున్నాయి. ఒక్క కూలీ కూడా గొయ్యిలోకి దిగలేదు. దిగకపోవడం కాదు, షెడ్డు చూరు కింద నీడలోంచి ఒక్క అడుగు ఎండలోకి వెయ్యలేదు. గోడకి వీపులు ఆనించి, బూట్లు లోపలికి లాక్కుని, అంతమంది మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. క్రుమ్ కారు దిగకుండా లోపలే కూర్చున్నాడు. అద్దం కూడా దించలేదు.

స్టోయిల్ కూడా చూరు కిందే ఉన్నాడు. నేనెందుకు ఇక్కడ నిలబడ్డాను అని తనని తను అడిగాడు. జేబులో దారాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

ఓగ్నియన్ కాంటీన్ వైపు నించి వచ్చాడు. సంచి భుజాన వేసుకుని, ఎండకి సంతోషిస్తూ, కొత్త బూట్లు చప్పుడు చేసుకుంటూ తిన్నగా గొయ్యి అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. వెనకనించి పడ్డ ఎండకి అతని నీడ అంచు దాటి, గోడ మీంచి వంగి, స్లాబ్ మీద ఆ చివరి దాకా పరుచుకుంది.

షెడ్డు కింద వాళ్ళందరి కళ్ళూ ఆ నీడ మీదే ఉన్నాయి.

"స్టోయిల్ గారూ!" అని పిలిచాడు ఓగ్నియన్. "వెళ్ళేముందు మీ చెయ్యి పట్టుకోవాలని వచ్చాను. ఎన్నో ఊళ్ళు తిరిగి ఈ పాఠం చెప్తున్నా. అందరూ తలూపుతారు, సంతకం పెడతారు, ఇంటికి పోతారు. నిజంగా నిలబడి పని ఆపినవాణ్ణి ఇన్నేళ్ళకి మొదటిసారి చూశాను. నాకెంత ధైర్యంగా ఉందో తెలుసా? మళ్ళీ చెప్పాలనిపిస్తోంది."

రాడ్కో చూరు కిందనించి జారి, నిచ్చెన దిగి, స్లాబ్ మీద మోకాళ్ళేశాడు. చేతిలో కొత్త దారం. పరిచే ముందు తలెత్తి స్టోయిల్ వైపు చూశాడు. అడుగుతున్నాడు. ఆ గొయ్యిలో పని ఆపే హక్కు ఇప్పుడు ఒక్కడిదే.

ఒక్క మాట చాలు. మాట కూడా అక్కర్లేదు. రెండడుగులు వేసి, ఆ సన్నటి చెయ్యి పట్టుకుని, కరచాలనం చేస్తున్నట్టే చేస్తూ నీడలోకి లాగితే అయిపోయేది. స్టోయిల్‌కి అదంతా తెలుసు. ఇదంతా నేను నమ్మను కదా, కొలుచుకోనీ, దారమే కదా అనుకున్నాడు. ఇలాంటి పొద్దునే వీళ్ళందరూ ఇలాగే నిలబడి ఇదే అనుకుని ఉంటారు. ఆ మాట తట్టినప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

రాడ్కో దారం పరిచాడు.

"ఏదో చెప్పబోయారు?" అన్నాడు ఓగ్నియన్, కళ్ళకి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏం లేదు సార్. దారిలో మలుపులెక్కువ. నిదానంగా పోనివ్వమనండి."

"అలాగే, అలాగే," అని నవ్వి, అందరికీ చెయ్యి ఊపి ఆయన వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా షెడ్డు కింద వాళ్ళు అటే చూస్తూ నిలబడ్డారు. గెంచో టోపీ తీశాడు.

రాడ్కో దారాన్ని వేళ్ళకి చుట్టుకుంటూ గోడ దగ్గరికొచ్చి, పైకి చూశాడు. "ఎక్కడ పెట్టమంటావు నాయనా? ఇప్పుడిది నీ చేతిలో ఉంది."

స్టోయిల్ గొయ్యి అంచుకి వచ్చాడు. కింద ఊచల గూడు చూశాడు, గోడ అడుగున ఇంకా సన్నగా కారుతున్న గొట్టాన్ని చూశాడు, కాంక్రీటు ఎటునించి వచ్చి ఎటు నిండుతుందో చూశాడు. పనివాడు పని చూసినట్టే చూశాడు.

"మధ్యలో, ఊచలకి కట్టు బాబాయ్," అన్నాడు. "నీళ్ళ గొట్టాల జోలికి మాత్రం పోకు."

కూలీలు ఒక్కొక్కరే ఎండలోకి వచ్చి, నిచ్చెన దిగడం మొదలుపెట్టారు.